పెంచలమ్మత్త వచ్చిన వాయిదాలు

మొన్న ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఎక్కేసరికి వాన పట్టుకుంది. నా ముందు సీట్లో ఒక పెద్దాయన తడిసిన గొంగళి మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలన్నీ మూసేశారు. కాసేపటికి తడి ఉన్ని వాసన బస్సంతా నిండింది. కొందరు ముక్కుకు పైట అడ్డం పెట్టుకున్నారు. నేను ముక్కు మూసుకోలేదు గాని తల తిప్పుకున్నాను. ఆ వాసన వచ్చిందంటే దగ్గర్లో పెంచలమ్మత్త ఉంటుంది, నా వైపు చూస్తుంది, ఏదో ఒకటి అడుగుతుంది. నా ఒంటికి అలా అలవాటైపోయింది. ఆమె ఆ బస్సులో లేదని తెలిసి కూడా ఆత్మకూరు వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

నేను సోలార్ పంపుసెట్లు బాగుచేసే పనిలో ఉన్నాను. డిప్లొమా చదివాను. ఏ పని అయినా వరుస పెట్టుకుని చేస్తాను: ముందు పలకలు, తర్వాత వైర్లు, తర్వాత కంట్రోలర్, చివరికి మోటారు. ఆ పద్ధతి నాకు కాలేజీలో రాలేదు. పెంచలమ్మత్త దగ్గర వచ్చింది. మాది మర్రిపాడు దాటాక వచ్చే మెట్ట ఊరు. మాకు పొలాలు, వాళ్లకు జీవాలు. కోతలయ్యాక వాళ్ల గొర్రెల మందను రాత్రిళ్లు మా చేలో పడుకోబెట్టించుకునేవాళ్లం. చేనుకు ఎరువు దక్కేది, వాళ్లకు మేం సజ్జలు కొలిచేవాళ్లం. చుట్టరికం లేకపోయినా ఆమె నాకు అత్త, ఆమె భర్త మాలకొండయ్య మామ. మామ మాటలు తక్కువ. ఆయన వాటా కూడా అత్తే మాట్లాడేది.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి ఆమె టార్చిలైటు ఆరిపోయిందని తెచ్చింది. విప్పాను, తుడిచాను, రెండుసార్లు అరచేతిలో కొట్టాను, వెలిగింది. గొప్పగా చేతికిచ్చాను.

"ఎందుకు చెడిందిరా?" అంది.

"ఏమో అత్తా. ఇప్పుడు వెలగతుండాదిగా."

"తెలీకుండా వెలిగింది తెలీకుండానే ఆరిపోద్ది. నక్క మందలో పడ్డప్పుడు ఆరిపోతే నిన్ను లేపుకొచ్చేదా? మళ్లీ విప్పు."

మళ్లీ విప్పాను. లోపల స్ప్రింగు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది చూపించాను. అప్పుడు గాని ఆమె టార్చి తీసుకోలేదు. ఆ సాయంత్రమే మా నాయనతో అంది, "పెద్దాయనా, పెద్దోడ్ని సేద్యంలో పెట్టుకో. ఈడ్ని పెట్టబాక. ఈడు ఇంజినీరు." ఊళ్లో నన్ను ఇంజినీరు అన్న మొదటి మనిషి ఆమె. నాయన నవ్వేశాడు గాని ఆ మాట మరిచిపోలేదు. పదో తరగతి అయ్యాక నన్ను పాలిటెక్నిక్‌కు పంపాడు.

ఆ చదువు చివరి ఏట మా అన్న రమణ, మునిమాపు వేళ సరుకు బండి తోలుకుంటూ ఊరికి వస్తూ, మలుపు దగ్గర మాలకొండయ్య మామను గుద్దాడు. ఆసుపత్రికి చేరకముందే మామ పోయాడు.

అక్కడ ఏం జరిగిందో చెప్పాలంటే మందను రోడ్డు దాటించే తీరు తెలియాలి. ఇద్దరు కాపర్లు ఉంటారు. ఒకరు ముందుకొచ్చి రోడ్డు అంచున నిలబడి కర్ర అడ్డంగా పట్టుకుంటారు. ఆ కర్ర దాటి ఒక్క జీవం కూడా ముందుకు రాదు. బండ్లన్నీ పోయాక కర్ర దించుతారు, అప్పుడు మంద దాటుతుంది. రెండో మనిషి వెనక ఉంటారు. ఆ రోజు ముందు మామ ఉన్నాడు, వెనక అత్త ఉంది. బండి వస్తుండగా జీవాల్ని రోడ్డు మీదికి వదిలాడంటే కాపరికి అంతకంటే తలవంపు లేదు. కాపరి తాగి మంద తోలాడన్నా వాళ్లకు అంత కోపం రాదు.

అన్న ఇంటికొచ్చి వసారాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఫోన్ చూస్తుండాను నాయనా. తలెత్తేసరికి మామ ఉండాడు. రోడ్డు అంచునే ఉండాడు, కర్ర అడ్డం పెట్టుకోని" అన్నాడు. నాయన, అమ్మ, నేను, ముగ్గురం విన్నాం. తెల్లవారి ఆత్మకూరులో వకీలు దగ్గర నాయన అదే మాట చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

"అంచునా, నడిమధ్యనా అనేది కోర్టు తేల్చేది. మీరు తేల్చబాకండి. మనకేం తొందర లేదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం అదే మాట అన్నాం. మనకేం తొందర లేదు.

వాయిదా ఉన్న రోజు మా ఊరి నుంచి ఆత్మకూరుకు పొద్దున ఒకటే బస్సు. ముద్దాయి అందులోనే పోవాలి, చచ్చిపోయినవాడి భార్యా అందులోనే పోవాలి. అన్నకు తోడుగా నన్ను పంపేవాళ్లు. అత్త గొంగళి భుజాన వేసుకుని, సంగటి మూట చేత్తో పట్టుకుని ముందు సీట్లో కూర్చునేది. కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచేవాడు. అన్న లోపలికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడేవాడు. మా వకీలు లేచి గడువు అడిగేవాడు. అత్త తలుపు పక్కన, వకీలు దాటి వెళ్లే చోట నిలబడి ఉండేది.

ఇంట్లో మేం చెప్పుకున్న కారణాలు వేరు. మొదట అన్నకు సంబంధం కుదిరేదాకా అన్నాం. తర్వాత పెళ్లి అయ్యేదాకా. తర్వాత వదినకు నెలలు నిండేదాకా. కోర్టులో చెప్పినవి వేరు: వకీలుకు నడుం నొప్పి, సీనియరు నెల్లూరులో ఉన్నారు, నకళ్లు అందలేదు, ముద్దాయికి ఒంట్లో బాగాలేదు. న్యాయమూర్తులు మారారు. కొందరు గట్టిగా కోప్పడ్డారు కూడా. కోప్పడ్డ వాయిదాకు మా వకీలు ఇంకా వినయంగా వంగేవాడు.

ఒంట్లో బాగాలేదని చెప్పిన రోజు అన్న బస్టాండులో ఉన్నాడు. లోపలికి రావద్దని వకీలు ముందే చెప్పి ఉంచాడు. నేను కోర్టు నుంచి వచ్చి అన్న పక్కన కూర్చుని మజ్జిగ చెప్పాను. అన్న అప్పటికే ఒక గ్లాసు తాగి రెండోది పట్టుకుని ఉన్నాడు. అత్త మెల్లగా నడుచుకుంటూ వచ్చి మా బల్ల చివర కూర్చుంది. సంగటి మూట విప్పింది. మూట వైపే చూస్తూ అంది:

"రమణా, జొరంగా ఉంటే మజ్జిగ తాగబాకరా. సలవ చేస్తది."

మజ్జిగ పోస్తున్న మనిషి కూడా చెయ్యి ఆపి మా వైపు చూశాడు. అన్న గ్లాసు కింద పెట్టేశాడు. ఆమె ఎగతాళికి అన్నదో, నిజంగానే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మొహం చూస్తే తెలిసేదేమో. నేను చూడలేదు.

అన్న చెడ్డవాడు కాదు. ఈ మాట తమ్ముడిగా అనడం లేదు. కేసు ఉన్నందుకు పాస్‌పోర్టు ఆగిపోయింది, కువైట్ పోదామనుకున్నవాడు ఊళ్లోనే ఉండిపోయాడు. వాయిదా ముందు రోజు అన్నం తినేవాడు కాదు. ఒకసారి నాయనతో "ఒప్పుకుంటాను నాయనా, అయిపోద్ది" అన్నాడు. నాయన పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చదువుకున్నవాణ్ణి, ఇంట్లో నా మాటకు విలువ ఉంది. ఒక్కసారి ఎత్తి ఉండాల్సింది.

మామ పోయినందుకు నష్టపరిహారం వేరే కోర్టులో వచ్చింది. అది తీసుకున్నాక ఇంకా ఈ తిరుగుడెందుకని మా నాయన ఊళ్లో అనేవాడు. అత్త చెవిన పడింది. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి నిలబడి చెప్పింది. "పెద్దాయనా, నీ కొడుకును జైల్లో వేయించాలని నాకు లేదు. వాడికీ బిడ్డ ఉండాది. మా ఆయన జీవాల్ని రోడ్డు మీదికి తోలలేదు. ఆ ముక్క ఆ కుర్చీలో కూసున్నాయన రాయాల. అంతే." నాయన లోపలి నుంచి బయటికి రాలేదు. నేను వసారాలో ఇన్వర్టరు ముందు కూర్చుని స్క్రూలు వరుసగా పేర్చుకుంటూ ఉన్నాను.

కొన్నాళ్లకు ఆమె తలుపు పక్కన నిలబడటం మా వకీలుకు ఇబ్బంది అయింది. నన్ను పక్కకు పిలిచి, "ఆమెకు చెప్పవయ్యా. సమన్లు వస్తేనే రావాలి. కేసు నడిపేది ప్రభుత్వం, ఆమె కాదు. ఊరికే పని చెడగొట్టుకుని తిరుగుతోంది పాపం" అన్నాడు. ఆ పాపం అన్న మాట నాకు నచ్చింది. ఆమె మేలు కోసమే చెబుతున్నానని అనుకోవడానికి పనికొచ్చింది. బస్సులో ఆమె పక్క సీట్లో కూర్చుని చెప్పాను. ప్రతి వాయిదాకు రాబళ్లేదని, పిలుపొచ్చినప్పుడు వస్తే చాలని, ఎండలో తిరగడం మంచిది కాదని వరుసగా చెప్పాను.

మొత్తం విని, "ఎవురు చెప్పమన్నారు?" అంది.

"ఎవురూ లేదత్తా. నేనే."

"పోలీసాయన నాకు మొదట్నే చెప్పినాడబ్బయా. తెలిసే వస్తుండాను. నేను లేకపోతే మీ వకీలు గోడకు చెప్పినట్టు చెప్పి పోతాడు. నేను తలుపుకాడ ఉంటే నా మొగం చూసి గడువు అడగాల. ఒక్క వాయిదాకన్నా నోరు తడబడదా అని చూస్తుండా."

"తడబడిందా?"

"ఆయనది లేదు. గట్టోడు." కిటికీ వైపు తిరిగింది. "నీదే తడబడింది, ఇప్పుడు."

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానలేదు. మానేసి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఎప్పటిలాగే పిలిచేది, మా అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగేది. వాళ్ల తోటి కాపరి ఒకాయన, ఆ రోజు అవతలి గట్టు మీద నుంచి చూసినవాడు, మధ్యలో జబ్బు చేసి పోయాడు. ఇక చూసింది ఆమె ఒక్కతే. ఆ వార్త మా ఇంట్లో తెలిసింది. నాయన ఆ పూట ఇంకో ముద్ద పెట్టించుకుని తిన్నాడు. నేను చూశాను.

అప్పుడు మా వకీలుకు కొత్త ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితాలు నా చేతికిచ్చి, అన్నకు తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించమన్నాడు. హైకోర్టులో వేసే పిటిషన్ అది. రాజ్యాంగం ప్రతి ముద్దాయికీ విచారణ త్వరగా జరగాలన్న హక్కు ఇచ్చింది, బతికే హక్కులో అదీ ఒక భాగం, ఇన్నేళ్లయినా ఈ కేసులో ఒక్క సాక్షిని కూడా విచారించలేదు, కాబట్టి కేసు కొట్టేయాలి. ఇదీ సారాంశం.

"గడువులు అడిగింది మనమే కదా సార్?" అన్నాను.

"మనమే అని అందులో ఎక్కడన్నా రాసినానా?"

"లేదు సార్."

"మనం కాదని రాసినానా?"

"లేదు."

"మరి? అబద్ధం ఎక్కడుండాది చెప్పు."

అబద్ధం లేదు. నేను రెండుసార్లు చదివాను. ఒక వాక్యం మీద ఇంకో వాక్యం చక్కగా కూర్చుంది, మంచి వైరింగులా ఉంది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. అన్నకు చదివి వినిపించాను. "కాలయాపన వల్ల పిటిషనరు తీవ్ర మనోవేదన అనుభవించాడు" అన్న చోట అన్న తల వంచుకున్నాడు. అది మాత్రం నిజమే. సంతకం పెట్టాడు.

ఆ కట్ట తిరిగి ఇవ్వడానికి వెళ్తుంటే బస్సులో అత్త ఉంది. అది కూడా వాయిదా రోజే.

"ఏందబ్బయా ఆ కాయితాలు?"

చెప్పకుండా ఉండొచ్చు. కాని ఆమె అడిగితే చెప్పడం చిన్నప్పటి అలవాటు. ముద్దాయికి విచారణ త్వరగా జరగాలని హక్కు ఉందని, జరగలేదు కాబట్టి కేసు తీసేయమని అన్న అడుగుతున్నాడని చెప్పాను.

ఆమె నా మొహం వైపు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి కొంగు నోట్లో పెట్టుకుంది. ముందు సీటులోని ఆడమనిషి వెనక్కి తిరిగి "ఏందక్కా?" అంటే, "ఈళ్లకు తొందరగా ఉండాదంట" అంది. మళ్లీ నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది.

"ఆ హక్కు నాకు లేదా?"

"ఇందులో ముద్దాయికి అని రాసుండాది."

"మరి ఇన్నాళ్లు దాన్ని ఎవురి జేబులో పెట్టుకోని తిరిగినారబ్బయా? నాకు ఇచ్చుంటే నేనన్నా వాడుకునేదాన్ని కదా."

ఆత్మకూరులో దిగాను. ఆ కాగితాల కట్ట వకీలుకు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండలేదు. అది కూడా రాయాలి.

హైకోర్టు కేసు కొట్టేయలేదు. ఇకపై గడువులు ఇవ్వకుండా విచారణ త్వరగా ముగించమని చెప్పింది. ఆ విధంగా అన్న అడిగిన హక్కే చివరికి అత్తకు అక్కరకొచ్చింది. సమన్లు వచ్చాయి. ఆ రోజు ఆమె ఉతికిన చీర కట్టుకుంది, గొంగళి తేలేదు. బోనెక్కి ప్రమాణం చేసి, తను చూసింది గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మామ అంచున నిలబడ్డాడు, కర్ర అడ్డం పెట్టాడు, ఒక్క జీవం దాటలేదు. చెప్పి న్యాయమూర్తి వైపు చూసింది, రాసుకున్నారా అన్నట్టు.

తర్వాత మా వకీలు లేచాడు. గొంతు పెంచలేదు. బండికి దీపాలు వెలుగుతున్నాయా అని అడిగాడు. గుర్తులేదంది. బండి నీకు ఎంత దూరంలో ఉండగా చూశావన్నాడు. గుర్తులేదంది. నీ భర్త కర్ర ఏ చేత్తో పట్టుకున్నాడన్నాడు. ఆమె ముందు కుడి చెయ్యి ఎత్తింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తింది. రెండు చేతులూ ముందుకు చాచి వాటి వైపు చూసుకుంది.

"గుర్తులేదు సారూ."

"పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో మందను రోడ్డు దాటిస్తుండగా అని ఉండాది. అంచున ఆపినాడని లేదే?"

"నేను చెప్పినాను."

"రాసుందా?"

"నాకు చదువు రాదు."

"ఇన్ని గుర్తులేనప్పుడు, అంచున నిలబడిన సంగతి ఒక్కటే ఎట్లా గుర్తుండాదమ్మా?"

ఆమె బోను కమ్మీ పట్టుకుంది. "సారూ, నేను మొదటి వాయిదాకు వచ్చినాను. ఆ రోజు అడిగుంటే అన్నీ చెప్పేదాన్ని. మీరు అడగలేదు. వాయిదాకొకటి మర్చిపోతా వచ్చినాను. ఇది ఒక్కటి మర్చిపోకుండా పట్టుకోనుండా."

మా వకీలు "ఇంక ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాడు.

తీర్పు అన్నకు అనుకూలంగా వచ్చింది. జీవాలు హఠాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని, సాక్షికి ముఖ్యమైన వివరాలు గుర్తులేవని, ఆ సందేహం వల్ల కలిగే మేలు ముద్దాయికే దక్కుతుందని అందులో రాశారు. న్యాయమూర్తి తన ముందున్న దాన్ని బట్టే రాశారు. ఆయన ముందు ఏం ఉండాలో, ఏం ఉండకూడదో ఇన్నేళ్లూ తేల్చింది మేం. బయటికొచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమన్నారబ్బయా?"

"అనుమానం ఉండాదని అన్నను వదిలేసినారత్తా."

"ఎవురి మీద అనుమానం?"

మామ మీదనే అని చెప్పకుండా నేను రోడ్డు వైపు తిరిగాను. ఆమె కాసేపు చూసి నా చెయ్యి వదిలేసింది. నాయన హోటల్లో భోజనాలు చెప్పానని పిలుస్తున్నాడు.

వారం గడవకముందే అన్న నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె దొడ్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. అన్న నిలబడే చెప్పాడు. ఫోను చూస్తున్నానని, మామ అంచునే ఉన్నాడని, కర్ర అడ్డం పెట్టుకునే ఉన్నాడని. చెబుతూ ఏడ్చాడు. ఆమె పిల్ల పాలు తాగడం అయ్యేదాకా కదలలేదు. తర్వాత సీసా కింద పెట్టి, "నాకు తెలియందా రమణా?" అంది. "నాకు చెప్తే ఏమొస్తది? చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఆ కాయితంలో మా ఆయన నడిరోడ్డు మీదే ఉండాడు. నేను పోయినాక ఆ కాయితమే ఉంటది."

"అత్తా, పైకోర్టు ఉండాది" అన్నాను నేను. "నువ్వు అప్పీలు చేసుకోవచ్చు. అన్న మీదే."

అన్న నా వైపు తిరగలేదు. ఆమె మాత్రం తిరిగింది. అంతకు ముందు ఏ వాయిదాలోనూ నేను ఆమెకు పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పలేదని అప్పుడు నాకు తెలిసింది.

"మళ్లీ వాయిదాలా?" అంది. "నా దగ్గర ఇంకొక్కటే మిగిలుండాది అబ్బయా. దాన్ని కూడా మర్చిపొమ్మంటావా?"

ఆమె అప్పీలుకు వెళ్లలేదు. గొర్రెలు అమ్మేసి సోమశిల దగ్గర కూతురింట్లో ఉంటోంది. నేను చూడటానికి వెళ్లలేదు. వెళ్లాలని అనుకుంటూ ఉంటాను. అది కూడా ఒక వాయిదాయేనని తెలుసు.

మామ ఎక్కడ నిలబడ్డాడన్న దాని మీద మా ఇంట్లో ఎవరం అబద్ధం ఆడలేదు. నేను అన్ని విధాలా వెతికి చూశాను. నాయన ఆడలేదు, అన్న ఆడలేదు, వకీలు కూడా ఆడలేదు. ఆడాల్సిన అవసరమే రాలేదు. ఆమె మరిచిపోయేదాకా ఆగాం, అంతే. ఆలస్యమంటే ఏమీ జరగని కాలం అనుకునేవాణ్ణి. ఆ కాలమంతా మామ అంగుళం అంగుళం రోడ్డు మధ్యకు జరుగుతూ వచ్చాడు. మేం జరిపాం.

కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ మునిమాపు వేళ మాలకొండయ్య మామ రోడ్డు అంచున ఉన్నాడు. కర్ర అడ్డంగా పట్టుకున్నాడు. ఒక్క జీవం కూడా దాటలేదు. మా అన్న నోటి నుంచి నా చెవులతో విన్నాను. చెప్పాల్సిన చోటు ఇది కాదని నాకు తెలుసు.